మడత పెట్టని అద్దం

మా మేనత్త పోయింది. పొద్దున్నే పక్కింటామె ఫోన్ చేసి, "బిడ్డా, మీ అత్త లేస్తలేదు. ఛాయ్ తెచ్చిపెట్టిన, సల్లారిపోయింది. జల్ది రా" అంది. పోయిందన్న మాట ఆమె నోటికి రాలేదు. నాకు అర్థమైంది. కరీంనగర్‌లో నా టైలరింగ్ దుకాణం షట్టర్ దించి బెల్లంపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా కన్నీళ్లు రాలేదు. ఒకటే ఆలోచన తిరిగింది. ఆయన వస్తాడు. పెద్ద దండ తెస్తాడు. నలుగురిలో నిలబడి మా అత్త గురించి మాట్లాడతాడు.

నిన్న అత్త అస్థికలు ధర్మపురిలో గోదావరిలో కలిపి వచ్చాం. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని తెలిసినవాళ్లు అన్నారు. పోయినవాళ్ల గురించి ఏం రాస్తారో మీకు తెలుసు. మంచిది, ఓపిక గలది, ఎవరినీ నొప్పించలేదు, అందరినీ క్షమించింది. మా అత్త మంచిదే. ఓపిక గలదే. కానీ అందరినీ క్షమించలేదు. ఒకరిని మాత్రం చచ్చేదాకా క్షమించలేదు. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టవుతుంది. పైగా నాకు దాచాలని లేదు.

ఆమె మా బాపుకు అక్క. మాది నేత ఇల్లు. మరమగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల, పెళ్లి చేసుకుని బొగ్గు ఊరికి వచ్చింది. మామ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆ బాయి మూతపడ్డాక ఒక పాత జీపు కొన్నాడు. పైన కాన్వాస్ టాపు, వెనక ప్లాస్టిక్ అద్దం. పేరుకు అద్దమే గానీ, టాపుకు కుట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అది. టాపు కప్పితే మామూలు బండి. టాపు విప్పి వెనక్కి దించితే బరాత్ బండి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పైన కూర్చుంటే ముందు బ్యాండు, వెనక జనం. మామ నడిపేవాడు, అత్త ముస్తాబు చేసేది. బంతిపూలు ఎక్కడ కట్టాలో, జరీ గుడ్డ ఎక్కడ వేలాడాలో అన్నీ ఆమె చేతి మీదే. పెళ్లివాళ్లు బండి కోసం ఎంత వచ్చేవాళ్లో ఆమె ముస్తాబు కోసం అంత వచ్చేవాళ్లు.

మామ ఉన్నట్టుండి పోయాడు. పిల్లలు లేరు. బండి అమ్మేయమని అందరూ అన్నారు. అత్త అమ్మలేదు. మామతో పాటు బాయిలో పనిచేసిన ఒకాయనను డ్రైవరుగా పెట్టుకుంది. నేను ఆయన్ని కాక అనేదాన్ని. ముస్తాబు మాత్రం అత్తే చేసేది. ఒక ఏడాది దాకా ఎవరూ ఏమీ అనలేదు.

పదో తరగతి అయ్యాక కుట్టుపని నేర్చుకోమని నన్ను ఆమె దగ్గరికి పంపారు. జాకెట్లు, లంగాలు నేర్పుతుందనుకుని పోయాను. మొదటి పాఠం జీపు వెనక అద్దం మీద జరిగింది. బెల్లంపల్లిలో గాలి కూడా నల్లగానే ఉండేది ఆ రోజుల్లో. ఒక పూట వదిలేస్తే అద్దం మీద బొగ్గు దుమ్ము పేరుకునేది. నేను హుషారుగా పొడిగుడ్డ తీసుకుని తుడవబోయాను. అత్త నా చేతి మీద ఒక్కటేసింది.

"పొడిగుడ్డ ముట్టియ్యకు. ఇసుక కాయితంతోని గీకినట్టే. ముందుగాల నీళ్లు వొయ్యాలె. దుమ్మును నీళ్లే తీస్కపోవాలె, మన చెయ్యి గాదు."

తర్వాత మామ పాత పంచె ముక్కను సబ్బునీళ్లలో ముంచి, పైనుంచి కిందికి, ఒకే దిక్కు తుడిచేది. గుండ్రంగా తిప్పనిచ్చేది కాదు. సన్నగీతలు పడితే తడి గుడ్డ మీద పళ్లపేస్టు పెట్టి ఓపికగా రుద్దేది. ఎక్కడైనా పగులు మొదలైతే, సూదిని దీపం మీద ఎర్రగా కాల్చి ఆ పగులు కొసన చిన్న బెజ్జం పెట్టేది. పగులు ఆ బెజ్జం దాకా వచ్చి ఆగిపోయేది. "పగులు ఎక్కడ ఆగాలెనో మనమే జెప్పాలె. జెప్పకపోతె అది ఎక్కడిదాక వోతదో దానికే ఎర్కలేదు" అనేది. కొత్త షీటు కుట్టేటప్పుడు కుట్లు దూరంగా వేయమనేది. దగ్గర దగ్గరగా వేస్తే తపాలా బిళ్లల కాగితంలా అక్కడే చిరుగుతుంది. చలికాలంలో షీటును ముందు ఎండలో మంచం మీద పరిచి, మెత్తబడ్డాకనే సూది పెట్టాలి. ఈ మాటలన్నీ ఇప్పుడు నా దుకాణంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చెప్తున్నాను. వాళ్లు పట్టు జాకెట్లు కుడతారు. అయినా పనికొస్తాయి.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. అద్దాన్ని మడత పెట్టకూడదు. బరాత్‌కు టాపు విప్పి దించినప్పుడు అద్దం ఆ మడతలో పడుతుంది కదా. అత్త ఆ మడత లోపల దూది బొంత ఒకటి చుట్టగా పెట్టి, అద్దం దాని మీదుగా గుండ్రంగా వంగేట్టు చూసేది. డ్రైవరు కాక తొందరపడితే, "నీ నడుము గట్ల మడతవెడితె నువ్వు లేస్తవా?" అని అరిచేది. అందుకే మా జీపు అద్దం వాగునీళ్లంత తేటగా ఉండేది. వాన వచ్చి టాపు కప్పినా, వెనక నడిచేవాళ్లకు లోపల పెళ్లికూతురి జడలో పువ్వులు కూడా లెక్కకు వచ్చేవి.

ఇక ఆయన దగ్గరికి వస్తాను.

ఆయన ఊళ్లో పెద్దమనిషి. కాంట్రాక్టరు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు వరస కుర్చీ ఆయనదే. కొడుకు పెళ్లికి మా జీపు కట్టించాడు. పొద్దున ఆయన మనుషులు వచ్చి వెనక అద్దం నిండా రేడియం అక్షరాలు అతికించారు. మామూలుగా అయితే పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు వేస్తారు. ఆయన తన పేరే వేయించుకున్నాడు. "ఫలానా గారింటి పెండ్లి" అని, మూరెడు మూరెడు అక్షరాలు. ఆ ఫలానా పేరు ఇక్కడ రాయను. ఊరంతా చదివింది, చాలు.

సాయంత్రం బరాత్ మొదలయ్యే ముందు కాక టాపు విప్పబోతే ఆయన వద్దన్నాడు. టాపు దించితే పేరు మడతలో పోతుందట. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ టాపు కింద చెమటలు కక్కుతూ కూర్చున్నారు. బ్యాండువాళ్లకు కూడా లోపల ఎవరున్నారో తెలియలేదు. వెనక మాత్రం తండ్రి పేరు తళతళలాడుతూ ఊరంతా తిరిగింది. అత్త ఇంటి ముందు నిలబడి చూసి, "పెండ్లి ఎవ్వలది?" అంది. నేను పడి పడి నవ్వాను. మేమిద్దరం కలిసి ఆయన్ని చూసి నవ్వింది ఆ ఒక్కసారే.

మర్నాడు బండి ఇంటికి వచ్చింది. అత్త అందరికీ చెప్పినట్టే వాళ్లకూ ముందే చెప్పి పంపింది, అక్షరాలు ముట్టకుండా తెండి, నేనే తీసేస్తానని. ఎండలో కాసేపు ఉంచి, వేడినీళ్ల గుడ్డతో నానబెట్టి, జిగురు మీద కొబ్బరినూనె రాస్తే మెల్లగా వచ్చేస్తాయి. ఆయన ఆగలేదు. తన పేరు ఇంకొకరి పెళ్లిలో తిరగడం ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట ఆయన అన్నప్పుడు కాక అక్కడే ఉన్నాడు. "నా పేరు ఇంకోని పెండ్లిల తిరుగుతదారా? గీకిపారెయ్యిండ్రి!" అన్నాడట. ఇంటికి రంగులు వేసిన పనివాళ్ల దగ్గర థిన్నర్ డబ్బా ఉంది. ఒక పాత గుడ్డ ముంచి అద్దమంతా రుద్దారు. అక్షరాలు రాలేదు. వాటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి పాలలాగా తెల్లబడింది. అప్పుడు గోళ్లతో అక్షరాలు పీకారు. అక్షరాల కింద థిన్నర్ తగలలేదు కాబట్టి అక్కడ మాత్రం అద్దం ఎప్పటిలా తేటగా ఉంది. తెల్లటి మసకలో ఆయన పేరు అక్షరం పొల్లుపోకుండా నిలబడిపోయింది. చెరపాలని పోయి దాన్ని ఎవరూ చెరపలేకుండా చేసుకున్నాడు.

అత్త అద్దం చూసింది. ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయింది. అక్కడ పెళ్లి తర్వాతి దావత్ జరుగుతోంది. పందిరి కింద ఊరి పెద్దలంతా తింటున్నారు. నేను గేటు దగ్గర ఆగాను. అత్త లోపలికి పోయి చేతులు కట్టుకుని నిలబడింది.

"సాబ్, నాకు కొత్త అద్దం వద్దు, పైసలు వద్దు. నేనే కుట్టుకుంట. తప్పైందని ఒక్క మాటనుండ్రి, పోత."

ఆయన చేతిలో మాంసం ముక్క పట్టుకుని నవ్వాడు. "గీ ప్లాస్టిక్ ముక్కకా?" అని చుట్టూ చూశాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. దాంతో ఆయనకు ఊపొచ్చింది.

"మొగడు సచ్చిన ఆడిది ముస్తాబు జేసిన బండిని నా కొడుకు పెండ్లికి కట్టిన. గదే ఎక్కువ. అద్దం మసకవడ్డదా? మరి నీ చెయ్యి గసొంటిది!"

కొందరు నవ్వారు. కొందరు విస్తరిలోకి చూసుకున్నారు. ఒక్కడు కూడా "ఇదేం మాట?" అనలేదు. ఆ నవ్వినవాళ్లు నాకు గుర్తున్నారు. తలలు వంచుకున్నవాళ్లు ఇంకా బాగా గుర్తున్నారు. అత్త వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చి, "నడువు బిడ్డా" అంది. దారిలో ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆ మాట ఊరు పట్టుకుంది. మంచి మాట ఇల్లు దాటదు గానీ ఇలాంటివి వాగు కూడా దాటతాయి. ఒక్కొక్క పెళ్లివాళ్లూ మా జీపు మానుకున్నారు. కొందరు ముఖం మీదే చెప్పారు. కొందరు, "బండి కావాలె గని ముస్తాబు మేం జేసుకుంటం, నువ్వు జర దూరముండు అక్కా" అన్నారు. వాళ్లకు అత్తే ఇవ్వలేదు. బంతిపూలు కట్టిన ఆ వేళ్లు ఇక పెళ్లి బండిని ముట్టలేదు. ఆయన పుట్టించిన మాట తీసుకుపోయింది అదీ. ఒక ప్లాస్టిక్ ముక్క కాదు.

ఆ దావత్ జరిగిన వారంలోనే ఒక మధ్యాహ్నం అత్త టాపు దించి ఆ మసక అద్దం కుట్లు విప్పింది. కొత్త షీటు తెచ్చి, పాతదాన్ని దాని మీద పరిచి కొలత గీసి కత్తిరించింది. ఈసారి టాపుకు కుట్టలేదు. చుట్టూ రెగ్జిన్ అంచు వేసి టిచ్ బటన్లు పెట్టింది, టాపు దించేటప్పుడు అద్దం ఊడదీసి విడిగా చుట్టుకునేట్టు. పని అయ్యాక పాత అద్దాన్ని పారేస్తుందనుకున్నాను. మామ పంచెలో పెట్టి చుట్టింది. దారంతో వదులుగా కట్టి బీరువా మీద పెట్టింది.

"ఎందుకత్తా అది? మర్చిపోరాదు" అన్నాను.

ఆమె చెప్పిన జవాబు నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"మర్చిపోవుడంటె మడతవెట్టుడే బిడ్డా. మడతవెట్టి లోపలికి తోస్తె సక్కగున్నట్టే ఉంటది. ఇగ ఎప్పుడో ఒకనాడు గా మడతకాడ్నే పట్టున పగుల్తది. నేను మడతవెట్టలే. సుట్టవెట్టిన. ఎండ తగలకుంట, దుమ్ము వడకుంట. ఎప్పుడు విప్పినా సాపుగనే ఉంటది."

ఆ రోజు నాకు భయమేసింది. ఇప్పుడు వేయడం లేదు.

తర్వాత అత్త ఆటోల టాపులు కుట్టి బతికింది. ఆటోలకు కూడా వెనక ఒక ప్లాస్టిక్ అద్దం ఉంటుంది. మంచిర్యాల నుంచి కూడా డ్రైవర్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కోపంతో కుట్లు తప్పేవి కావు. పాటలు పాడేది, అందరితో పరాచికాలాడేది. ఆమె కక్ష మనిషిని కాల్చేది కాదు. బీరువా మీద చుట్టలా పడి ఉండేది. ఆయన రోడ్డు మీద ఎదురుపడి, ఏమీ జరగనట్టు, "బాగున్నవా చెల్లె?" అంటే, "నా అద్దం ఎట్లున్నదో నేను గట్లనే ఉన్న సాబ్" అనేది. ఆయనకు నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

కొన్నేళ్లకు ఆయన కూడా టాపు జీపు కొన్నాడు. వానాకాలంలో దాని వెనక అద్దం నిలువునా చీలింది. ఆ పని చేసే చెయ్యి ఊళ్లో ఒక్కటే ఉంది. డ్రైవరుకు ఇచ్చి బండి పంపాడు. అత్త చీలిక మీద వేలు పెట్టి చూసింది. "మంచిగనే అతుకుతది. పైస గూడ వద్దు. మీ సాబ్‌ను రమ్మను. ఒక మాట అని పొమ్మను, అది అన్నంక సూది వట్టుకుంట" అని బండి తిప్పి పంపింది. ఆయన రాలేదు. ఆ చీలిక మీద గోధుమరంగు టేపు అంటించుకుని రెండు వానాకాలాలు తిరిగాడు. తడిసిన టేపు ఊడి వెనక తోకలా ఆడేది. ఆ బండి వీధిలోంచి పోయిన ప్రతిసారీ అత్త ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేది. నాకు ఫోన్ చేసి, "ఇయ్యాల తోక జర పొడుగైంది" అని చెప్పేది. నేను నా దుకాణంలో ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. తప్పంటారా? అనండి.

మధ్యలో ఒక పెళ్లి జరిగింది. బాయి పనివాడి కూతురు ఒకతె, తండ్రి లేని పిల్ల, అత్త దగ్గరికి వచ్చి జీపు కావాలంది. "ముస్తాబు గూడ నువ్వే జెయ్యాలె. మా అవ్వకు గూడ మొగడు లేడు. ఆమె కన్నది నన్ను. మరి నేను గూడ అపశకునమేనా?" అంది. అత్త బంతిపూలు తెప్పించింది. ఎన్నో ఏళ్ల తర్వాత కదా, మొదటి దండ ముడిని రెండుసార్లు విప్పి మళ్లీ వేసింది. బరాత్‌లో ఆ పిల్ల తన తల్లిని ఒకవైపు, మా అత్తను ఒకవైపు కూర్చోబెట్టుకుని ఊరేగింది. పెద్దమనిషి ఇంటి ముందు కాక హారన్ కొట్టాడు. అవసరం లేకున్నా కొట్టాడు. ఆ తర్వాత మళ్లీ కొంతమంది వచ్చారు, కొంతమంది రాలేదు. అత్త కోరింది మాత్రం ఇంకా అందలేదు. ఆయన నోటి నుంచి ఆ ఒక్క మాట.

ఇక ఆమె పోయిన రోజుకు వస్తాను.

నేను చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. పక్కింటామె నన్ను పట్టుకుని ఏడ్చింది. మామ తమ్ముడి కొడుకు కర్మ చేయడానికి ఒప్పుకున్నాడు. "నన్ను నా బండ్లనే తీస్కపోవాలె" అని అత్త అందరికీ ఎప్పుడో చెప్పిపెట్టింది కాబట్టి కాక అప్పటికే జీపు కడుగుతున్నాడు. ముందు నీళ్లు పోసి, తర్వాతే గుడ్డ.

ఆయన వచ్చాడు. తెల్లబట్టలు, పెద్ద దండ, వెంట నలుగురు. దండ వేసి, అందరూ వినేట్టు గొంతు సవరించుకున్నాడు. "మా చెల్లె అసొంటిది. నాకు ఆమెకు ఎన్నడు మాట తేడా రాలే. ఎవ్వల మీద మనసుల ఏం వెట్టుకోని మనిషి" అన్నాడు. జనం తలలూపారు. ఆ రోజు విస్తరిలోకి చూసుకున్న తలలే కొన్ని.

నేను లేచి ఇంట్లోకి పోయాను. అక్కడ నిలబడితే ఆయన దండే ఆయన మెడకు బిగించేదాన్ని. బీరువా మీద మామ పంచె చుట్ట అలాగే ఉంది. దించి, దారం విప్పి, నేల మీద పరిచాను. మసక అలాగే ఉంది, ఆయన పేరు అలాగే ఉంది. చెప్పినట్టే ఎక్కడా మడత లేదు. కానీ ఒకటి కొత్తగా ఉంది. అద్దం చుట్టూ నల్ల రెగ్జిన్ అంచు, దూరం దూరంగా వేసిన కుట్లు, అంచు పొడుగునా టిచ్ బటన్లు. ఇప్పుడు జీపుకున్న అద్దానికి ఎక్కడెక్కడ ఉన్నాయో సరిగ్గా అక్కడక్కడే. ఆ రోజు నా కళ్ల ముందే చుట్టిపెట్టినప్పుడు ఈ అంచు లేదు. ఎప్పుడు కుట్టిందో తెలియదు. ఎందుకు కుట్టిందో మాత్రం తెలిసింది. నా మేనత్త నాకు చెప్పిపోయిన పని అది. అప్పుడు వచ్చింది ఏడుపు.

చలి వల్ల షీటు బిరుసెక్కి ఉంది. పెరట్లో ఎండలో మంచం మీద పరిచి పక్కన కూర్చున్నాను. ఇంటి ముందు ఆమెకు స్నానం చేయిస్తున్నారు, ఇక్కడ అద్దం మెత్తబడుతోంది. కాక వచ్చి చూశాడు. అక్షరాలు చదివాడు. నా ముఖం చూశాడు. పోయి, జీపుకున్న తేట అద్దం బటన్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఇద్దరం కలిసి పాతది బిగించాం. ఒక్క బటను కూడా పక్కకు పోలేదు.

పాడెను జీపులోకి ఎక్కించారు. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు శ్మశానం దాకా రావద్దని ఎవరో అన్నారు. నేను అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాను, దిగలేదు. జీపు వెనకాల మొదటి స్థానం పెద్దమనిషిదే కదా, ఆయన చేతులు కట్టుకుని వచ్చి అక్కడ నిలబడ్డాడు. తలెత్తాడు. ఎదురుగా మూరెడు మూరెడు అక్షరాల్లో ఆయన పేరు, దాని పక్కన "గారింటి పెండ్లి". ఆ తేట అక్షరాల్లోంచి లోపలున్న మా అత్త పాదాలు.

ఇంకో పెళ్లిలో కూడా తిరగకూడదన్న పేరు శవం బండి వెనక ఊరంతా తిరిగింది. వెనక జనంలో ఎవరో పైకి చదివారు. ఇంకెవరో "ష్" అన్నారు. శవయాత్రలో చేరినవాడు మధ్యలో వెనక్కి తిరిగితే కీడంటారు మా వైపు. మా అత్తకు కీడు అంటగట్టిన మనిషికి కీడంటే ఎంత భయమో ఆ రోజు చూశాను. పక్కకు జరగబోయాడు. పక్కనున్నవాళ్లు జరగలేదు. వీధి పొడుగునా తన పేరు చదువుకుంటూ నడిచాడు.

శ్మశానానికి ముందు దింపుడు కల్లం దగ్గర జీపు ఆగింది. పాడె దించి, పోయినవాళ్ల చెవిలో ముమ్మారు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారని ఆశ. కర్మ చేసే పిల్లవాడు వంగి, "పెద్దవ్వా" అని పిలిచాడు. నేను "అత్తా" అని పిలిచాను. తర్వాత నిలబడి ఆయన వైపు తిరిగాను.

"సాబ్, చెల్లె అన్నరు గదా. మీరు గూడ పిలువుండ్రి."

అందరూ చూస్తున్నారు. ఆయన వంగి, "చెల్లె, చెల్లె, చెల్లె" అని లేవబోయాడు.

"ఇంకో మాట ఉన్నది సాబ్. ఆమె మీ పందిట్ల నిలవడి అడిగింది. గదొక్కటి అనుండ్రి, పలుకుతదేమో సూద్దం."

డప్పు ఆగింది. కాక జీపు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెద్దమనిషి ముఖం ఎర్రబడింది. "ఏమన్న తెలిసో తెల్వకో తప్పైతె..." అని మొదలుపెట్టాడు.

"'అయితె' గాదు సాబ్. అయింది. మీ పేరే సాక్షి, గక్కడ ఉన్నది" అని జీపు వెనక్కి చూపించాను.

ఆయన మళ్లీ వంగాడు. "తప్పైంది" అన్నాడు.

"ఇనవడలే. ఆమె జర దూరం వోయింది ఇప్పుడు. గట్టిగనుండ్రి."

"తప్పైంది చెల్లె!" అన్నాడు. అందరూ విన్నారు. అత్త పలకలేదు.

ఇంత చేశాక నా కడుపు నిండి ఉంటుందని మీరనుకుంటారు. నిండలేదు. ఆ మాట వినాల్సిన చెవి దాన్ని వినలేదు. పందిట్లో ఆ రోజే అని ఉంటే, ఆమె "సరే సాబ్" అని ఇంటికొచ్చి కొత్త అద్దం కుట్టుకుని, మర్నాడు ఇంకో పెళ్లికి పూలు కట్టి ఉండేది. ఒక్క మాటకు ఒక జన్మ పూలు పోయాయి. నేను తీర్చుకున్నది వడ్డీ కూడా కాదు. అందుకే ఇది రాస్తున్నాను, ఆ రోజు పందిట్లో నవ్వినవాళ్లు కూడా చదవాలని.

వాగు ఒడ్డున కట్టెలు అంటుకున్నాక అందరూ స్నానాలు చేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఆయన కోసం ఎవరూ ఆగలేదు. ఆయన కారు మా ఇంటి దగ్గరే ఉండిపోయింది. కాక, నేను ఖాళీ జీపులో తిరిగొస్తున్నాం. అత్త పడుకున్న చోటు పక్కన కూర్చుని వెనక్కి చూశాను. అద్దమంతా పాలలాంటి మసక. ఆయన పేరున్న చోట మాత్రం దారి తేటగా కనబడుతోంది. లోపలి నుంచి అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఆ అక్షరాల్లో, వాలుతున్న ఎండలో, తడి బట్టలతో ఆయన ఒక్కడే నడుచుకుంటూ వస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు.

"ఆపుమంటవా బిడ్డా?" అన్నాడు కాక.

"వద్దు" అన్నాను.

ఎత్తిన చెయ్యి ఆయన పేరులోని ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి జరుగుతూ, చిన్నదవుతూ, మలుపు దాకా కనబడింది. ఇంటికొచ్చి అద్దం ఊడదీశాను. నీళ్లు పోసి, మామ పంచె ముక్కతో ఒకే దిక్కు తుడిచి, చుట్టి, బీరువా మీద పెట్టాను.